పన్ను ఇనుము మీద, తిండి మంచు మీద: అలాస్కా నార్త్ స్లోప్

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే సుమారు 2,75,000 చదరపు కిలోమీటర్లు. అమెరికాలోని అలాస్కా రాష్ట్రపు ఉత్తరపు కొసన ఉన్న నార్త్ స్లోప్ బరో ఒక్కటే 2,45,000 పైచిలుకు. అంత నేల మీద 2020 జనాభా లెక్కల్లో తేలింది 11,031 మంది. అందులోనూ ఇల్లూ వాకిలీ ఉండి ఎనిమిది ఊళ్లలో కాపురమున్నవాళ్లు దాదాపు 8,200 మందే. మిగతావాళ్లలో ఎక్కువమంది ప్రూడో బే చుట్టుపక్కల చమురు క్యాంపుల్లో వారాల తరబడి డ్యూటీ చేసి, విమానమెక్కి ఇళ్లకు పోయే కార్మికులు. పడమటి చివర పాయింట్ హోప్ నుంచి తూర్పు చివర కాక్టోవిక్ దాకా గాలిదారిన 900 కిలోమీటర్లకు పైనే. ఈ ఎనిమిది ఊళ్లలో ఏ రెండింటినీ కలిపే పక్కా రోడ్డు లేదు.

అలాస్కాలో బరో అంటే మన లెక్కన జిల్లా. కాకపోతే సొంతంగా పన్ను వేసుకుంటుంది, పోలీసులను పెట్టుకుంటుంది, బడులకు డబ్బిస్తుంది, మంచు మీద తప్పిపోయినవాళ్లను వెతకడానికి హెలికాప్టర్లు నడుపుతుంది. ఈ ప్రాంతం మాట వస్తే తెల్ల ఎలుగుబంట్లు, రెండు నెలల చీకటి దగ్గరే చాలామంది ఆగిపోతారు. అవీ నిజమే. కానీ ఈ జిల్లాను అర్థం చేసుకోవాలంటే చూడాల్సినవి రెండు: ఖజానా ఎక్కణ్ణుంచి నిండుతుంది, గిన్నె ఎక్కణ్ణుంచి నిండుతుంది. మొదటిది టండ్రా (చెట్లు మొలవని చలి మైదానం) మీద పరిచిన చమురు యంత్రాల నుంచి. రెండోది సముద్రపు మంచు అంచు నుంచి. రెండింటి కిందా ఉన్నది గడ్డకట్టిన నేలా నీరే, అవి కరుగుతున్నాయి.

నేల తీరు

దక్షిణాన బ్రూక్స్ పర్వతశ్రేణి అడ్డుగోడలా నిలుస్తుంది. అక్కడి నుంచి గుట్టలు, గుట్టలు దిగితే తీర మైదానం, దాని తర్వాత ఉత్తర మహాసముద్రం. పడమటి వైపు చుక్చీ సముద్రం, తూర్పున బ్యూఫోర్ట్ సముద్రం. రెంటి మధ్య ముక్కులా పొడుచుకొచ్చింది పాయింట్ బారో. దానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే జిల్లా కేంద్రం ఉత్కియాగ్విక్. 2016 దాకా దీని పేరు బారో. ఆ ఏడాది ఓటు వేసి, ఇక్కడి మూలవాసుల భాష ఇనుపియాక్‌లోని పాత పేరు తెచ్చుకున్నారు. 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఆర్కిటిక్ వృత్తానికి 500 కిలోమీటర్లు పైన ఉంది. నవంబరు 18 ప్రాంతంలో మునిగిన సూర్యుడు మళ్లీ జనవరి 22, 23 తేదీల్లో గానీ తొంగిచూడడు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా అసలు అస్తమించడు.

ఏడాది మొత్తం మీద వానా మంచూ కలిపి నీటి లెక్కన 150 మిల్లీమీటర్లు కూడా పడదు. ఆ లెక్కన ఇది ఎడారి. అయినా జూలైలో విమానం నుంచి చూస్తే సగం నేల నీళ్లే. కారణం పెర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ల తరబడి కరగని నేల. ఉత్కియాగ్విక్ దగ్గర అది దాదాపు 400 మీటర్ల లోతు, ప్రూడో బే దగ్గర 600 మీటర్లు దాటుతుంది. వేసవిలో పైన జానెడు, మూరెడు మందం మట్టి మాత్రమే కరుగుతుంది. కరిగిన నీటికి కిందికి ఇంకే దారి లేదు, ఆ చలిలో ఆవిరయ్యేదీ తక్కువే. అందుకే ఎటు చూసినా చెరువులు. వీచే గాలికి అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా సాగిన కోలాకారపు చెరువులు వేలకు వేలు, అన్నీ ఒకే వైపు తలపెట్టి పడుకున్నట్టుంటాయి.

ఈ నేలలో మట్టి ఎంతో మంచూ అంతే. కొన్నిచోట్ల పై మీటర్లలో మంచుదే ఎక్కువ పాలు. చలికి నేల బిగుసుకుని పగుళ్లిస్తుంది, వసంతంలో ఆ పగుళ్లలోకి నీరు దిగి గడ్డకడుతుంది, మరుసటి ఏడు అక్కడే మళ్లీ పగులుతుంది. వందల వేల ఏళ్లలో పగులు కాస్తా మేకులా దిగిన మంచు దిమ్మె అవుతుంది. పైనున్న నాచు, గడ్డి పొర దానికి దుప్పటి. దుప్పటి చిరిగిందో, కింద మంచు కరిగి నేల గుంటపడుతుంది; గుంటలో నీరు చేరితే ఇంకా కరుగుతుంది. 1940లలో, 50లలో చమురు వెతకడానికి అమెరికా నౌకాదళం వేసవిలో ట్రాక్టర్లు నడిపిన జాడలు ఇప్పటికీ కాలువల్లా కనిపిస్తూనే ఉన్నాయి.

దీన్నుంచే ఇక్కడి రవాణా నియమాలు పుట్టాయి. రాష్ట్ర భూముల్లో తీర మైదానం మీద బరువు వాహనాలు వెళ్లాలంటే 30 సెంటీమీటర్ల లోతున నేల మైనస్ 5 డిగ్రీలకు చేరాలి, పైన 15 సెంటీమీటర్ల మంచు పడి ఉండాలి. గుట్టల ప్రాంతంలో మంచు 23 సెంటీమీటర్లు కావాలి. ఆ తర్వాతే చమురు కంపెనీలు మంచు రోడ్లు వేస్తాయి. చెరువుల అంచుల్లోంచి మంచు పెళ్లలు చెక్కి పరిచి, వాటి మీద ట్యాంకర్లతో నీళ్లు చల్లుతూ పొరపొరగా గడ్డకట్టిస్తారు. కనీసం 15 సెంటీమీటర్ల మందం వచ్చేదాకా ఇదే పని. ఏప్రిల్ చివరికో మే మొదట్లోనో రోడ్డు మూతపడుతుంది, వేసవికి కరిగిపోతుంది, కింద గడ్డి అలాగే మిగులుతుంది. రోడ్డుకు నీళ్లిచ్చే చెరువులో చేపలుంటే ఎంత నీరు తోడవచ్చో పరిమితి ఉంటుంది, ఎందుకంటే చలికాలంలో ఆ చేపలకు మిగిలేది మంచు కింద ఉన్న కాస్త నీరే. 1970లలో ఏడాదికి 200 రోజులు దాటిన ఈ ప్రయాణకాలం తర్వాతి దశాబ్దాల్లో దాదాపు సగానికి పడిపోయింది. వాతావరణంతో పాటు కొలిచే పద్ధతి మారడం కూడా అందులో ఒక భాగమని గుర్తుంచుకోవాలి.

ఇల్లు కట్టడం, నీళ్లు పారించడం

ఇక్కడ ఇల్లు నేలను తాకకూడదు. చలికాలంలోనే నేలలో అనేక మీటర్ల లోతు రంధ్రాలు తొలిచి, కర్ర లేదా ఉక్కు స్తంభాలు దించి, చుట్టూ ఇసుకా నీళ్లూ కలిపిన చిక్కటి ద్రవం పోస్తారు. అది గడ్డకట్టి స్తంభాన్ని పట్టుకుంటుంది. ఇంటి బరువు మోసేది సిమెంటు కాదు, ఆ పట్టే. నేలకూ ఇంటి అడుగుకూ మధ్య గాలి ఆడే ఖాళీ ఉండాలి. ఇంట్లో వేడి ప్లస్ 20 డిగ్రీలు, బయట మైనస్ 35. ఆ వేడి నేలకు చేరకముందే గాలి ఎత్తుకుపోవాలి.

ఇది చెడిపోయే తీరులు కూడా తెలిసినవే. గాలి కొడుతోందని ఎవరో ఇంటి అడుగు చుట్టూ చెక్కలు బిగిస్తారు, వేడి లోపలే చిక్కుకుంటుంది. లేదా మంచు మేటలు ఇంటి కిందికి చేరతాయి. మేటవేసిన మంచు వెచ్చటి దుప్పటే, చలికాలపు చలిని నేలకు చేరనివ్వదు. మురుగు గొట్టం కారినా అంతే. ఒక స్తంభం అంగుళం దిగితే తలుపు పడదు, రెండు అంగుళాలు దిగితే గొట్టాల కీళ్లు తెగుతాయి.

గొట్టాలే అన్నిటికన్నా ఖరీదైన తలనొప్పి. 1970ల దాకా ఈ ఊళ్లలో మరుగుదొడ్డి అంటే ప్లాస్టిక్ సంచీ తొడిగిన బక్కెట్టు. తాగునీరంటే చెరువు మీద కోసుకొచ్చిన మంచుదిమ్మె. 1980లలో ఉత్కియాగ్విక్‌లో నేల లోపలే, పెర్మాఫ్రాస్ట్‌లో, మనిషి నడవగలిగేంత చెక్క సొరంగాలు తవ్వి నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు వాటిలో నడిపారు. యుటిలిడార్ అంటారు దాన్ని. లోపల నీరు గడ్డకట్టకూడదు, బయట నేల కరగకూడదు. ఈ రెండు షరతుల మధ్య సందు చాలా ఇరుకు. కొన్ని వేలమంది ఊరికి కోట్లాది డాలర్లు పోసి ఇలాంటిది కట్టడం వృథా అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. బక్కెట్టు మోసినవాళ్లు ఆ మాట అనరు.

చిన్న ఊళ్ల కథ వేరు. అక్కడ చెరువులు చలికాలంలో మనిషెత్తు మందాన గడ్డకడతాయి. అందుకని ఏడాదికి సరిపడా నీళ్లన్నీ వేసవి వారాల్లోనే తోడి, శుద్ధిచేసి, వేడిచేసే ఏర్పాటున్న పెద్ద ట్యాంకుల్లో నిలవ పెడతారు. వేసవిలో పంపు చెడితే ఆ తర్వాతి తొమ్మిది నెలలూ ఇబ్బందే. పడమటి తీరంలో 330 మంది ఉన్న పాయింట్ లే 2016లో ఇంకో రకంగా దెబ్బతింది. ఊరికి నీళ్లిచ్చే చెరువు గట్టు కింద మంచు కరిగి తెగిపోయింది, చెరువు పక్కన ఉన్న నదిలోకి ఖాళీ అయిపోయింది. అదే ఊళ్లో నేల కుంగి ఇళ్లు ఒరిగాయి, గొట్టాలు తెగాయి, కొన్ని ఇళ్లు మళ్లీ బక్కెట్ల కాలానికి వెళ్లాయి.

ఇంధనం దగ్గరా ఊరికీ ఊరికీ పోలిక లేదు. ఉత్కియాగ్విక్ కింద సహజవాయువు ఉంది. 1984లో ఫెడరల్ (అమెరికా కేంద్ర) ప్రభుత్వం ఆ గ్యాసు బావులను బరోకు అప్పగించింది. నూయిక్సుట్‌కు పక్కనున్న చమురు క్షేత్రం నుంచి గ్యాసు వస్తుంది. మిగతా ఊళ్లు బయటి నుంచి తెచ్చుకున్న డీజిలు మీద బతుకుతాయి. ఓడరేవు ఎక్కడా లేదు. తీరపు మంచు తొలగే జూలై చివరి నుంచి సెప్టెంబరు లోపు బార్జీలు (చదును అడుగు సరుకు పడవలు) వచ్చి ఒడ్డున ఇసుక మీదే సరుకు దించుతాయి. కార్లు, ఇటుకలు, మంచాలు, డీజిలు అన్నీ ఆ వారాల్లోనే. అప్పుడు రానిది విమానంలోనే రావాలి, విమానంలో వచ్చిన పాల డబ్బా ధరలో విమానం కిరాయీ కలుస్తుంది. ఈమధ్య చలికాలంలో టండ్రా మీద మంచును చదును చేసి గట్టిపరిచి ఊళ్ల మధ్య తాత్కాలిక బాటలు వేస్తున్నారు. వాటి మీద వాహనాలు గుంపుగానే కదలాలి, ముందూ వెనకా బరో మనుషులుంటారు. దక్షిణం నుంచి వచ్చే ఒకే రోడ్డు, 666 కిలోమీటర్ల డాల్టన్ హైవే, చమురు క్షేత్రం గేటైన డెడ్‌హార్స్ దగ్గరే ఆగిపోతుంది. అది ఊరు కాదు.

పన్ను కథ

ఇక్కడి ప్రజలు ఇనుపియాట్. ఊరు ఊరంతా కలిసి బయటి అధికారాన్ని ఎదుర్కోవడం చమురుకు ముందే మొదలైంది. 1958లో అమెరికా అణుశక్తి కమిషన్ పాయింట్ హోప్ సమీపంలో అణుబాంబులు పేల్చి ఓడరేవు తవ్వాలని తలపెట్టింది. పేలుడు దుమ్ము కారిబూలు (రెయిన్‌డీర్ జాతి దుప్పులు) తినే నాచు మీద పడుతుందని, ఆ కారిబూలనే తాము తింటామని ఊరివాళ్లు అడ్డం తిరిగారు. 1962లో ఆ పథకం ఆగింది. 1961లో వసంతకాలపు ఐడర్ బాతుల వేటను నేరమంటూ బారోలో అరెస్టులు చేస్తే, 138 మంది తలా ఒక బాతు పట్టుకొచ్చి మమ్మల్నీ అరెస్టు చేయండన్నారు. చట్టం వేట అనుమతించిన నెలల్లో ఆ బాతులు అక్కడ ఉండవు. ఉన్న నెలల్లో చట్టం ఒప్పుకోదు.

1968లో ప్రూడో బేలో ఉత్తర అమెరికాలోకెల్లా పెద్ద చమురు క్షేత్రం బయటపడింది. 1971 డిసెంబరులో మూలవాసుల భూ హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఈ ప్రాంతపు ఇనుపియాట్‌కు ఒక కార్పొరేషన్, సుమారు 50 లక్షల ఎకరాలు దక్కాయి. భూమిలో అధికభాగం మాత్రం చేజారింది. ఈ లోపే ఇనుపియాట్ నాయకుడు ఎబెన్ హోప్సన్ తదితరులు ఇంకో దారి పట్టుకున్నారు: భూమి మనది కాకపోయినా, దాని మీద పెట్టిన ఆస్తికి పన్ను వేసే అధికారం మనదైతే? 1972 జూలై 1న బరో ఏర్పడింది, హోప్సన్ మొదటి మేయరు. పెద్ద చమురు కంపెనీలు కోర్టుకెక్కాయి. జనం ఇంత పలచగా ఉన్నచోట ఇంత పెద్ద స్థానిక ప్రభుత్వం దేనికన్నది వాటి వాదన. 1974లో రాష్ట్ర సుప్రీంకోర్టు బరో పక్షాన తీర్పిచ్చింది.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. బరో ఖజానా చమురు మీద కాదు, చమురు తీసే ఇనుము మీద నడుస్తుంది. బ్యారెల్ మీద రాయల్టీ, ఉత్పత్తి పన్ను రాష్ట్రానివి. బరోది ఆస్తిపన్ను: పంపింగ్ స్టేషన్లు, గొట్టాలు, క్యాంపులు, శుద్ధి యంత్రాల మదింపు విలువలో ఏటా రెండు శాతం లోపు. కాబట్టి చమురు ధర పడిపోయిన ఏడాది రాష్ట్రం విలవిల్లాడినా బరోకు వెంటనే ఏమీ కాదు. దాని శత్రువు తరుగుదల. పాతబడే కొద్దీ యంత్రం విలువ తగ్గుతుంది, కొత్త యంత్రం రాకపోతే పన్నూ తగ్గుతుంది. 1977లో మొదలైన 1,287 కిలోమీటర్ల ట్రాన్స్ అలాస్కా పైపులైనులో 1988 ప్రాంతంలో రోజుకు 20 లక్షల బ్యారెళ్లు పారేవి; ఇప్పుడు 5 లక్షలు కూడా లేవు. మరి సగం ఖాళీగా ఉన్న గొట్టం విలువ ఎంత? 2006 సంవత్సరపు పన్నుకు సంబంధించి ఈ ప్రశ్న మీద ఏళ్లపాటు వ్యాజ్యం నడిచింది. యజమానులు చెప్పిన విలువ 100 కోట్ల డాలర్ల లోపు, కోర్టు తేల్చింది 998 కోట్ల డాలర్లు. గొట్టం వెనక ఉన్న చమురు నిల్వలు ఇంకో ప్రదేశానికి వేరే దారిలో పోలేవు కాబట్టి, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చులోంచి అరుగుదల తీసేసి విలువ కట్టాలన్నది ఆ తీర్పు సారం. 2014లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఎనిమిది ఊళ్ల బడి జీతాలు ఇలాంటి మదింపు సూత్రాల మీద ఆధారపడి ఉంటాయి.

ఆ డబ్బుతో ప్రతి ఊరికీ హైస్కూలు వచ్చింది. అంతకుముందు ఎనిమిదో తరగతి దాటిన పిల్లలను వేల కిలోమీటర్ల దూరంలోని హాస్టల్ బళ్లకు పంపేవారు. క్లినిక్కులు, అగ్నిమాపక కేంద్రాలు, విద్యుత్తు వచ్చాయి. 1973లో 27 కుటుంబాలు బారో నుంచి మంచు మీద తరలివెళ్లి పూర్వీకుల చోట నూయిక్సుట్‌ను మళ్లీ నిలబెట్టాయి. 1980లలో నిర్మాణాల జోరులో కాంట్రాక్టుల అవినీతీ వచ్చింది. కొందరు సలహాదారులకు ఫెడరల్ కోర్టులో శిక్షలు పడ్డాయి. వరదలా డబ్బు వచ్చిపడిన చిన్నచోట లెక్కలు చూసేవాళ్లు కరువైతే జరిగేదే జరిగింది.

తిమింగలం కథ

ఇక గిన్నె సంగతి. లోతట్టున బ్రూక్స్ పర్వతాల కనుమలో ఉన్న అనాక్టువుక్ పాస్‌కు కారిబూలే ప్రధానం. పశ్చిమ ఆర్కిటిక్ మంద 2003లో 4,90,000 ఉండగా 2023 నాటికి 1,52,000కు పడిపోవడం ఆ ఊరికి చిన్న వార్త కాదు. తీరపు ఊళ్లకు బోహెడ్ తిమింగలమే కేంద్రం.

ఏప్రిల్, మే నెలల్లో తిమింగలాలు బేరింగ్ సముద్రం నుంచి ఉత్తరానికి ప్రయాణిస్తాయి. ఒడ్డును పట్టుకుని ఉన్న మంచుకూ, బయట కదిలే మంచుకూ మధ్య పొడవాటి నీటి చీలిక తెరుచుకుంటుంది. అదే వాటి దారి, వేటగాళ్ల కాపు కూడా ఆ అంచునే. ముందు ఒడ్డు నుంచి అంచు దాకా మంచు గుట్టల మీదుగా గునపాలతో బాట కొట్టుకోవాలి, వారాల పని. పడవ పేరు ఉమియాక్. చెక్క చట్రం మీద గడ్డపు సీల్ చర్మాలు, పడవ సైజును బట్టి ఐదారు లేదా ఇంకా ఎక్కువ, కారిబూ నరాలు పేనిన దారంతో ఆడవాళ్లు కుడతారు. సూది చర్మం మందంలో సగం వరకే దిగి బయటికి రావాలి, ఆవలి వైపుకు రంధ్రం పడితే నీరు కారుతుంది. ఇంజను మోత లేకుండా తెడ్లతో దగ్గరికి పోవడానికి ఇంతకన్నా మంచి పడవ లేదు. పడవ జట్టు నాయకుణ్ణి ఉమియాలిక్ అంటారు. జట్టు తిండి, ఇంధనం, సామగ్రి ఖర్చంతా ఆయనదీ ఆయన భార్యదీ.

ఈటె తగిలిన క్షణంలోనే దానికి అమర్చిన గొట్టంలోంచి పేలుడు గుండు లోపలికి దూసుకుపోతుంది, ఈటెకు కట్టిన తాడు చివర తేలే బుడ్డి తిమింగలం ఎక్కడుందో చూపిస్తుంది. ఈ తుపాకీ 19వ శతాబ్దపు వ్యాపార వేట ఓడల నుంచి నేర్చుకున్నది. 2007లో ఉత్కియాగ్విక్ దగ్గర పట్టిన ఒక తిమింగలం మెడ దగ్గర 1879 పేటెంటు నాటి గుండు ముక్క దొరికింది. అంటే ఆ జంతువు వందేళ్లకు పైగా ఆ గాయంతో ఈదింది. ఈ జాతి 200 ఏళ్లు బతకగలదు.

అసలు ప్రమాదం తిమింగలంతో కాదు, కాళ్ల కింద మంచుతో. ఒడ్డు మంచు నిలబడేది పెద్ద మంచు గుట్టల అడుగులు సముద్రపు నేలకు దిగబడి ఉండడం వల్ల. పడమటి గాలికి నీటిమట్టం పెరిగితే ఆ లంగరు లేస్తుంది. ఆ వెంటనే తూర్పుగాలి వస్తే మంచంతా మనుషులతో సహా సముద్రంలోకి కొట్టుకుపోతుంది. 1997 మే నెలలో అలా వందమందికి పైగా కొట్టుకుపోతే హెలికాప్టర్లతో తీసుకొచ్చారు. దీనికి వ్యతిరేకమైన ప్రమాదం ఇవు. బయటి మంచు ఒడ్డు మీదికి గోడలా ఎక్కి వస్తుంది. 1982లో ఉత్కియాగ్విక్‌లో తవ్వకాల్లో బయటపడిన ఒక ఇంట్లో, శతాబ్దాల కిందట ఇవు కిందపడి చనిపోయిన కుటుంబం ఆనవాళ్లు గడ్డకట్టిన నేలలో చెక్కుచెదరకుండా దొరికాయి. అందుకే గాలి దిశ, ప్రవాహం, నీటిమట్టం ఈ మూడూ తెలియనివాడు అంచున నిద్రపోకూడదంటారు.

పట్టాక పని మొదలవుతుంది. బోహెడ్‌కు అడుగు పొడవుకు ఒక టన్ను బరువని వేటగాళ్ల మోటు లెక్క. కప్పీలు, తాళ్లతో పదుల మంది కలిసి దాన్ని మంచు మీదికి లాగాలి. కప్పీని కట్టడానికి స్తంభం ఉండదు. మంచులో రెండు రంధ్రాలు తొలిచి లోపల కలిపి, ఆ మంచు కంటికే తాడు చుడతారు. మంచు పలచనైతే కన్ను తెగుతుంది, లేదా తిమింగలంతో పాటు అంచే విరుగుతుంది. ఏళ్లనాటి దళసరి మంచు దొరకడం తగ్గిపోవడంతో వసంతంలో ఇప్పుడు చిన్న తిమింగలాలనే ఎంచుకుంటున్నారు. ఆలస్యమైతే ఇంకో నష్టం: అడుగు మందం కొవ్వు శరీరపు వేడిని బయటికి పోనివ్వదు, బయట ఎంత చలి ఉన్నా లోపల మాంసం పులిసిపోతుంది. శరదృతువు వేటలో ఈ బాధ తక్కువ. మోటారు పడవలతో ఒడ్డుకు ఈడ్చుకొచ్చి లోడరుతో పైకి లాగేస్తారు.

పంపకానికి కట్టుబాట్లున్నాయి. కొట్టిన పడవకు, సాయం చేసిన పడవలకు, లాగినవాళ్లకు, ఉమియాలిక్‌కు వేర్వేరు భాగాలు. ఉమియాలిక్ భాగంలో పెద్ద వాటా తిరిగి ఊరికే పోతుంది: జూన్‌లో నలుకతాక్ పండగకు, తర్వాత థ్యాంక్స్‌గివింగ్‌కు, క్రిస్మస్‌కు. చర్మం, కొవ్వు కలిసిన ముక్కను మక్తక్ అంటారు, పచ్చిగానే తింటారు. ఈ మాంసం అమ్మకూడదు.

1977లో అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ ఈ వేటను పూర్తిగా నిషేధించింది. బోహెడ్‌లు మిగిలినవి రెండు వేలకు మించవని అప్పటి అంచనా. ఆ ఏడాదే వేటగాళ్లు అలాస్కా ఎస్కిమో తిమింగల కమిషన్ పెట్టుకున్నారు. మంచు అంచున నిలబడి కంటికి కనిపించినవే లెక్కపెడుతున్నారని, తిమింగలాలు దూరంగా మంచు కింద నుంచి కూడా పోతాయని, మంచును తలతో పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయని వాళ్ల వాదన. బరో తన పన్ను డబ్బుతో సొంత శాస్త్రవేత్తలను పెట్టుకుని, నీటిలో మైకులు దించి లెక్కించింది. వేటగాళ్లు చెప్పిందే నిజమైంది. 2001లో పదివేలు దాటాయి, 2011లో సుమారు 16,800. ఏడాది తిరిగేసరికే 12 తిమింగలాలతో మళ్లీ మొదలైన కోటా, 2019 నుంచి 2025 వరకు ఏడేళ్లకు కలిపి 392 అయింది. అలాస్కాలో 11 ఊళ్లు, రష్యా వైపు చుకోట్కా దాన్ని పంచుకుంటాయి. ఇనుము మీది పన్ను లేకపోతే ఆ మైకులుండేవి కావు, బహుశా ఈ వేటా ఉండేది కాదు.

కరుగుతున్న అడుగు

మాంసం దాచేది నేలలో కొన్ని మీటర్ల లోతున తవ్విన సిగ్లువాక్ అనే నేలమాళిగలో. చలికాలంలో మూత తెరిచి చల్లగాలి దింపుతారు, వసంతంలో పాత మంచూ నెత్తురూ గీకి కొత్త మంచు పరుస్తారు. శుభ్రంగా లేని సిగ్లువాక్ ఉన్నవాడికి తిమింగలం దొరకదని నమ్మకం. ఇప్పుడు చాలా సిగ్లువాక్‌లలో నీరు ఊరుతోంది, గోడలు కూలుతున్నాయి. అన్నిటికీ వేడే కారణమనడం తొందరపాటు. తీరపు మట్టిలో ఉప్పు ఎక్కువ, ఉప్పుమట్టి సున్నా కన్నా కిందే మెత్తబడుతుంది. పైన కొత్తగా వేసిన రోడ్డు, దారి మళ్లిన వాననీరు కూడా పాడుచేస్తాయి.

తీరం కోతకు గురవుతోంది. బ్యూఫోర్ట్ తీరంలో డ్రూ పాయింట్ లాంటి చోట్ల ఏడాదికి పది మీటర్లకు పైగా గట్టు పడిపోతోంది. ఎందుకంటే గట్టులో సగానికి పైగా మంచే. సముద్రం ఆలస్యంగా గడ్డకట్టడంతో అక్టోబరు తుఫాన్లకు అడ్డు లేదు. 1963 అక్టోబరు తుఫాను అప్పటి బారోను ముంచింది. ఇప్పుడు అలాంటిదే వస్తే తీరం పక్కనున్న పంపింగ్ స్టేషన్లోంచి ఉప్పునీరు యుటిలిడార్‌లోకి దూరుతుందన్నది ఇంజనీర్ల భయం. ఐదు మైళ్ల రాతికట్టకు ఫెడరల్ నిధులు మంజూరయ్యాయి. కానీ ఈ మైదానంలో రాయి దొరకదు, కంకరే అపురూపం. ప్రతి బండా బార్జీ మీద రావాల్సిందే.

2023 మార్చిలో ఆమోదం పొందిన విల్లో చమురు ప్రాజెక్టు దగ్గర ఈ రెండు ఆధారాలూ ఎదురుబొదురుగా నిలబడ్డాయి. బరో, ప్రాంతీయ కార్పొరేషన్ దాన్ని సమర్థించాయి: కొత్త యంత్రాలు రాకపోతే పన్ను పునాది అరిగిపోతుంది. అందరికన్నా దగ్గరగా ఉన్న నూయిక్సుట్ ఊరి నాయకత్వం వ్యతిరేకించింది: రోడ్లు, గొట్టాలు, హెలికాప్టర్ల వల్ల కారిబూలు దారి మార్చుకుంటాయి, 512 మంది ఊరికి వేటకు పోయే దూరం పెరుగుతుంది. రెండు పక్షాలూ ఇనుపియాట్ పక్షాలే, రెండు లెక్కలూ సరైనవే. విల్లోలో మంచు రోడ్లు ప్రతి చలికాలం పడుతూనే ఉన్నాయి, పైపులు దిగుతున్నాయి. వాటి మదింపు విలువ బరో పన్ను పుస్తకంలో చేరేకొద్దీ పాయింట్ లే గొట్టాలకు, ఉత్కియాగ్విక్ కట్టలో స్థానిక వాటాకు డబ్బు అక్కణ్ణుంచే రావాలి.